ఆ రెండో గొంతు ఎవరిది?

గత నెల ఒక శనివారం పొద్దున్నే మా ఊరి పిల్లాడొకడు ల్యాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చాడు. బెంగళూరులో మారతహళ్లి దగ్గర పీజీలో ఉంటాడు. అక్కడ వైఫై ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో ఓనరుకే తెలీదు. పదకొండింటికి ఒక కంపెనీవాళ్ల ఆన్‌లైన్ టెస్టు. అది గట్టెక్కితే మధ్యాహ్నమే వీడియో ఇంటర్వ్యూ. "అన్నా, మీ ఇంట్లో ఒక రూము రెండు గంటలు ఇస్తావా" అని ముందురోజే అడిగాడు.

వాడికి చూపు లేదు. చిన్నప్పుడు కొంచెం కనిపించేది, పదో తరగతికి వచ్చేసరికి పూర్తిగా పోయింది. కోడ్ మాత్రం నాకన్నా శుభ్రంగా రాస్తాడు. పాపమని అనడం లేదు, వాడు రాసిన కోడ్ అందరికీ కనిపించేలా పెట్టుకున్న గిట్‌హబ్ పేజీ చూసి అంటున్నాను.

రూము సర్దిపెట్టాను. చప్పుడు లేకుండా ఉండాలని మా ఆవిడ పాపను తీసుకుని కింద పార్కుకు వెళ్లింది. టెస్టు మొదలయ్యే ముందు ఐడీ కార్డును తెరమీద కనిపించే చట్రంలో సరిగ్గా పట్టుకుని చూపించాలట. చట్రం ఎక్కడుందో వాడికెలా తెలుస్తుంది? నేనే పట్టుకుని చూపించాను. ల్యాప్‌టాప్ తిప్పి గది నాలుగు మూలలూ చూపించాలి, అదీ చేశాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకోకూడదు, తీసేశాడు. నేను బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాను.

తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను స్క్రీన్ రీడర్ అంటారు. హెడ్‌ఫోన్స్ తీసేస్తే దాని గొంతు స్పీకర్లోంచి రావలసిందే. వాడు వాడేది ఎన్‌వీడీఏ. 2006లో ఆస్ట్రేలియాలో చూపులేని ఇద్దరు కుర్రాళ్లు మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. మనం వింటే పాత టేప్‌రికార్డర్లో క్యాసెట్‌ను ఫార్వర్డ్ చేసినట్టు కిచకిచమంటుంది, వాడికి మాత్రం ప్రతి బ్రాకెట్టూ వినిపిస్తుంది. వంటింట్లో నిలబడి నేను ఆ కిచకిచే వింటున్నాను. మధ్యమధ్యలో అంకెలు వినిపిస్తున్నాయి. తర్వాత తెలిసింది, అది టెస్టు గడియారమట. మిగిలిన సమయం మారినప్పుడల్లా స్క్రీన్ రీడర్ దాన్ని చదువుతోంది. వాడు కోడ్ వినాలంటే ముందు దాని నోరు మూయించాలి, అది మళ్లీ తెరుస్తుంది.

అరగంట దాటాక టీ పట్టుకుని తలుపు కొంచెం తెరిచాను. తెరపైన ఒక మూల పసుపు పట్టీ ఉంది. మీ గదిలో వేరే వ్యక్తి గొంతు వినిపిస్తోంది, ఇది మూడో హెచ్చరిక, అని ఇంగ్లిషులో రాసి ఉంది. వాడు తన మానాన తాను టైప్ చేసుకుంటున్నాడు. ఆ పట్టీ వచ్చినట్టు వాడి స్క్రీన్ రీడర్ చెప్పలేదు. కనిపించేవాళ్ల కోసం పెట్టిన పట్టీ అది, చదివి వినిపించేలా ఎవరూ రాయలేదు. అంటే మొదటి రెండు హెచ్చరికలు కూడా వాడికి తెలియవు. "ఒరేయ్, పైన ఏదో..." అంటూ రెండడుగులు లోపలికి వేశాను. తెర తెల్లబడింది. టెస్టు ముగిసింది, కెమెరాలో రెండో వ్యక్తి కనిపించారు, అని వచ్చింది.

ఆ రెండో వ్యక్తిని నేనే.

"ఏమైందన్నా?" అన్నాడు. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ రెండో గొంతు ఎవరిదనుకున్నారన్నా వాళ్లు?" అని అడిగాడు. నీ స్క్రీన్ రీడర్‌దేరా అన్నాను. "అంటే నా కళ్లే నాకు కాపీలు అందిస్తాండాయి అనుకున్నారు" అని నవ్వి, టీ ఎక్కడుందో చేత్తో తడిమి తీసుకున్నాడు. కంపెనీకి మెయిల్ పెట్టాం. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. నిబంధనల ఉల్లంఘన జరిగింది కాబట్టి ఆరు నెలల తర్వాత మళ్లీ అప్లై చేసుకోవచ్చట.

బల్లకు ఇవతలి పక్క

కోపంతో ఆ కంపెనీని నాలుగు తిట్టి ఈ పోస్టు ముగించేయొచ్చు. కానీ ఆ పసుపు పట్టీ లాంటివి పెట్టించేవాళ్లలో నేనూ ఒకడిని. తొమ్మిదేళ్లుగా ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూర్చుంటున్నాను.

ప్రాక్సీ ఇంటర్వ్యూల గురించి మన తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? పెదాలు ఒకరివి, గొంతు ఇంకొకరిది. ఒకసారి నేను చూసిన కుర్రాడు చక్కగా నోరు ఆడిస్తున్నాడు, మాట మాత్రం అర సెకను ఆలస్యంగా వస్తోంది. నెట్ వీక్ అనుకున్నాను. ఇంతలో వాడు తుమ్మాడు, తుమ్ముతుండగానే గొంతు డేటాబేస్ గురించి చెప్పుకుంటూ పోయింది. ఇంకోసారి ఇంటర్వ్యూలో సెలెక్టయిన మనిషి ఒకరు, చేరిన మనిషి ఇంకొకరు. 2020లో అంతా ఆన్‌లైన్ అయ్యాక ఇది పెరిగింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఇక చెప్పనక్కర్లేదు. రెజ్యూమెలో హైదరాబాద్ కన్సల్టెన్సీ పేరు కనిపిస్తే మా ప్యానెల్లో కన్నడ, తమిళ మిత్రులు నావైపు చూసి నవ్వడం కూడా అలవాటైపోయింది.

అందుకని జాగ్రత్తలు రాసుకున్నాం. కళ్లు కెమెరావైపే ఉండాలి. పక్కకు చూస్తే ఏదో చదువుతున్నట్టు. చెవుల్లో ఏమీ ఉండకూడదు. ఒకే ముఖం, ఒకే గొంతు. అడిగిన వెంటనే జవాబు మొదలవ్వాలి, ఆగి ఆగి తర్వాత గడగడా చెబితే అనుమానించాలి. ఈ చివరిది రాసింది నేనే. "జవాబుకు ముందు అసహజమైన ఆలస్యం" అని రాశాను. ఆ మాట బాగా కుదిరిందని అప్పట్లో సంతోషపడ్డాను కూడా.

ఆ శనివారం రాత్రి ఆ ఫైలు తెరిచి మళ్లీ చదివాను. చూపులేని మనిషి కళ్లు కెమెరావైపు ఉండాలని లేదు. కొందరి కనుపాపలు అదేపనిగా కదులుతూనే ఉంటాయి. వినికిడి యంత్రం పెట్టుకున్న మనిషికి కాల్ శబ్దం నేరుగా చెవిలోకే రావొచ్చు, చూసేవాళ్లకు అది ఇయర్‌ఫోనే. సైగల భాషలో మాట్లాడే మనిషి పక్కన దుబాసీ ఉంటే రెండో ముఖం, రెండో గొంతు, ఆలస్యం, మూడు తప్పులూ ఒకేసారి. నత్తి ఉన్న మనిషి జవాబుకు ముందు ఆగుతాడు, ఆగక ఏం చేస్తాడు? మోసగాడి గుర్తులని మేం రాసుకున్న ప్రతి లైనూ ఇంకెవరో ఒక మనిషి ఒంటికి అచ్చంగా సరిపోతోంది. మేం పట్టుకుందామనుకున్నది మోసాన్ని. పట్టుకుంటున్నది కళ్లు, చెవులు, నాలుక మాలాగా లేని మనుషుల్ని. అసలు ప్రాక్సీగాడికి ఈ రూల్స్ అన్నీ కంఠతా వచ్చు, వాడు కెమెరాలోకే చూస్తాడు.

నేను రాసిన ఫీడ్‌బ్యాక్

ఇది చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. 2021లో, లాక్‌డౌన్ రోజుల్లో, ఒకమ్మాయిని ఇంటర్వ్యూ చేశాను. మా ఏరియాలో కరెంటు పోయి యూపీఎస్ మీద నడుస్తోంది. "నెట్ కొంచెం వీక్‌గా ఉంది, నా వీడియో ఆఫ్ చేస్తున్నానండీ" అన్నాను. మర్యాదగానే అన్నాను, అందరం రోజుకు పదిసార్లు అనే మాటే. ఆ తర్వాత ఆ అమ్మాయి ప్రతి ప్రశ్నకూ "సారీ, మళ్లీ చెప్తారా" అనడం మొదలుపెట్టింది. రెండుసార్లు అడగని ప్రశ్నకు జవాబు చెప్పింది. ఫారంలో "వినే అలవాటు లేదు, కమ్యూనికేషన్ వీక్" అని రాశాను. ఐదుకు రెండు మార్కులు వేశాను.

రెండేళ్ల తర్వాత క్లయింటు తరఫు టీమ్‌లో ఒకమ్మాయి పరిచయమైంది. తెలుగేనని తెలిసి ఒకరోజు క్యాంటీన్లో కలిసి భోంచేశాం. జుట్టు వెనక్కి తోసుకుంటే చెవి వెనక యంత్రం కనిపించింది. "సార్, మీకు గుర్తుండదు గానీ ఒకసారి నా ఇంటర్వ్యూ చేశారు" అంది. పెదాలు చూస్తేనే తనకు మాట పూర్తిగా అందుతుందట. నేను వీడియో ఆపేసిన క్షణంలోనే ఆ ఇంటర్వ్యూ అయిపోయింది. మరి అప్పుడే చెప్పొచ్చు కదమ్మా అన్నాను. "చెప్తే ఏమవుతుందో అంతకుముందు రెండుచోట్ల చూశాను సార్" అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. తర్వాత సాంబారు ఉప్పగా ఉందని మాట్లాడుకున్నాం.

క్యాప్షన్లు పెట్టుకుంటే సరిపోయేది కదా అని నాలాగే మీకూ అనిపించొచ్చు. ఆ తర్వాత ఒకరోజు నా మాటలకే క్యాప్షన్లు పెట్టుకుని చూశాను. నా అనంతపురం ఇంగ్లిషుకు అది చేసిన న్యాయం ఇంతా అంతా కాదు. సర్వర్లో దాచుకునే క్యాష్ గురించి నేను చెబుతుంటే చేతిలో ఉండే క్యాష్ గురించి రాసింది. ఏదీ లేకపోవడంకన్నా మేలే, ఒప్పుకుంటాను. కానీ టెక్నికల్ ప్రశ్నలో ఒక్క మాట మారితే ప్రశ్నే మారిపోతుంది.

ఇంకో రకం కూడా ఉంది, అవతల మనిషే లేని ఇంటర్వ్యూ. ప్రశ్న తెరమీదకు వస్తుంది, ఆలోచించుకోవడానికి అర నిమిషం, జవాబుకు నిమిషంన్నర, ఎర్ర చుక్క వెలుగుతుంది, మాట్లాడాలి. నత్తి ఉన్న మా సహోద్యోగి ఒకాయన దీని గురించి చెప్పాడు. ఆయనకు అన్నిటికన్నా కష్టమైన మాట తన పేరే. వేరే మాట దగ్గర నాలుక ఆగితే అదే అర్థం వచ్చే ఇంకో మాట వేసుకుంటాడు, పేరును ఏం చేస్తాడు? మొదటి ప్రశ్న "మీ గురించి చెప్పండి". నిమిషంన్నరలో మూడోవంతు పేరుకే పోయింది. ఎదురుగా మనిషి ఉంటే కనీసం తల ఊపుతాడు, ఆగుతాడు. ఎర్ర చుక్క ఆగదు. ఇలాంటి వీడియోల్లో ముఖ కవళికలను కూడా యంత్రంతో లెక్కగట్టించిన హైర్‌వ్యూ అనే అమెరికా కంపెనీ 2021 జనవరిలో ఆ పద్ధతి మానేస్తున్నట్టు ప్రకటించింది. యంత్రం మానేసింది సరే, వీడియో చూసి "కాన్ఫిడెన్స్ లేదు" అని రాసే నాలాంటివాళ్లం మానేశామా?

మెట్లెక్కే ఆఫీసుకే పోదామా

ఇదంతా చక్రాల కుర్చీలో తిరిగే నా స్నేహితుడికి చెబితే కస్సుమన్నాడు. "ఆన్‌లైన్ ఇంటర్వ్యూలను మాత్రం తీసేయమనొద్దురా బాబూ" అన్నాడు. వాడి లెక్క వాడిది. అంతకుముందు ఒక్కో ఇంటర్వ్యూకు కుర్చీ పట్టే క్యాబ్ దొరకాలి, ట్రాఫిక్‌కు పేరుమోసిన సిల్క్‌బోర్డ్ జంక్షన్ దాటాలి, తీరా చేరాక ఆఫీసు మూడో అంతస్తు, లిఫ్టు పనిచేయదు. ఒకచోట సెక్యూరిటీవాళ్లు ఇద్దరు కుర్చీతో సహా ఎత్తుకుని పైకి తీసుకెళ్లారట. వాళ్లు మంచివాళ్లే, కానీ అలా ఊరేగి వెళ్లి కూర్చున్నాక ప్యానెల్‌కు కనిపించింది ఆ ఊరేగింపేగానీ వాడి పదేళ్ల అనుభవం కాదంటాడు. ఆన్‌లైన్లో నడుము పైభాగం మాత్రమే కనిపిస్తుంది. ఉద్యోగం వచ్చాక చెప్పాడు కుర్చీ సంగతి.

వాడి మాట కాదనలేను. కాబట్టి "అంతా మళ్లీ ముఖాముఖి పెట్టేస్తే సరి" అనేవాళ్లతో నేను లేను. మోసాలకు విసిగి చాలా కంపెనీలు ఇప్పుడు అటే నడుస్తున్నాయి, అది వేరే సంగతి. ఒకరికి తలుపు తెరిచిన పద్ధతే ఇంకొకరికి మూసేస్తోంది. అందుకే ఏదో ఒక్క పద్ధతిని మంచిదని తేల్చేసి అందరినీ అందులోంచే రమ్మనడం దగ్గరే తప్పు జరుగుతోందని నాకనిపిస్తుంది.

"అడిగితే ఇస్తాం"

హెచ్ఆర్ మిత్రులతో ఈ విషయం ఎత్తితే ఒకటే జవాబు. "అడిగితే ఇస్తాం కదా సార్! వాళ్లు అడగరు." నిజమే, చాలా కంపెనీల ఫారంలో కింద ఎక్కడో ఒక గడి ఉంటుంది, మీకేమైనా ప్రత్యేక ఏర్పాట్లు కావాలా అని. నేను వాదించదలచుకున్నది ఈ గడి గురించే. అసలు గోడ అదే అంటాను.

ఎందుకంటే ఆ గడిలో టిక్ పెట్టాలంటే ముందు ఇంటర్వ్యూలో ఏముంటుందో తెలియాలి. బొమ్మ గీసి చూపించమంటారా, కోడ్ రాయాల్సిన ఎడిటర్ స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తుందా, హెడ్‌ఫోన్స్ తీయమంటారా, ఇవేవీ ముందు చెప్పరు. ఏం వడ్డిస్తారో చెప్పకుండా నీకేం పడదో చెప్పమన్నట్టు. రెండోది, టిక్ పెట్టగానే కాగితం అడుగుతారు. మా పిల్లాడి దగ్గర వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్ ఉంది, వికలాంగులకు కేంద్రం ఇచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డూ ఉంది. నత్తి ఉన్న మా సహోద్యోగి దగ్గర ఏమీ లేదు, ఆయన ఏ డాక్టరు దగ్గరకు వెళ్లి ఎంత శాతమని రాయించుకోవాలి? మనవైపు సదరం అంటే పింఛను కాగితమనే లెక్క. "నెలకు 6,000 వస్తున్నాయి కదా, ఇంకా ఆ బెంగళూరులో తిప్పలెందుకు" అని మా పిల్లాడి మేనమామే అంటాడు.

మూడోది అన్నిటికన్నా పెద్దది. ఆ టిక్ ఎవరి కంటబడుతుందో వాడికి తెలీదు. నిజాయితీగా చెబుతున్నాను, అలాంటి టిక్ ఉన్న రెజ్యూమె వస్తే నేను కూడా ఒక్క క్షణం ఆగేవాడిని. వద్దని కాదు, "దీనికి ఎక్కువ టైమ్ పడుతుందేమో, వచ్చేవారం చూద్దాం" అని. వచ్చేవారానికి పోస్టు నిండిపోయేది. ఇందులో వివక్ష ఎక్కడుందో వేలెత్తి చూపించడం ఎవరివల్లా కాదు.

చట్టం లేదా అంటే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. సముచితమైన సర్దుబాట్లు అనే మాటకు అందులో నిర్వచనమూ ఉంది. ప్రైవేటు కంపెనీలు సహా ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. 20 మంది, అంతకుమించి పనిచేసేచోట ఎంపిక ఎలా చేస్తారో, ఏ సదుపాయాలిస్తారో అందులో రాయాలి, ఒక అనుసంధాన అధికారి ఉండాలి. చట్టం మీరితే మొదటిసారి జరిమానా 10,000 రూపాయల వరకు. బెళ్లందూరులో ఇద్దరు పంచుకునే పీజీలో ఒక మంచం నెల అద్దె కూడా దాదాపు అంతే ఉంటుంది. విధానాలైతే కంపెనీల వెబ్‌సైట్లలో అందంగానే ఉంటాయి. అందులో ఒక పీడీఎఫ్‌ను మా పిల్లాడు తెరిస్తే స్క్రీన్ రీడర్ ఒక్క ముక్కా చదవలేదు. అచ్చువేసిన కాగితాన్ని స్కాన్ చేసి పెట్టారు.

సుప్రీంకోర్టు చెప్పినవీ తక్కువేం కాదు. రాయడానికి చెయ్యి సహకరించని ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో 2021 ఫిబ్రవరిలో తీర్పిస్తూ, 40 శాతం వైకల్యం ఉందన్న సర్టిఫికెట్ లేనంత మాత్రాన రాసిపెట్టే మనిషిని నిరాకరించకూడదంది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో ఇంకో అడుగు ముందుకు వేసింది. యాసిడ్ దాడికి గురైనవాళ్లు, చూపులేనివాళ్లు బ్యాంకుల ఆన్‌లైన్ కేవైసీలో కెమెరా ముందు కళ్లార్పి చూపించలేకపోతున్నారన్నది ఆ కేసు. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పింది. అది కేవైసీ గురించి, ఇంటర్వ్యూల గురించి కాదు. కానీ చదువుతున్నంతసేపూ నాకు ఆ పసుపు పట్టీయే కళ్ల ముందు ఆడింది. కళ్లార్పితేనే మనిషివి అనే యంత్రానికీ, రెండో గొంతు వినిపిస్తే దొంగవి అనే యంత్రానికీ పెద్ద తేడా ఏముంది?

ప్రభుత్వ పరీక్షల్ని మనం ఎంత తిట్టుకున్నా ఈ ఒక్క విషయంలో అవి నయం. బ్యాంకు పరీక్ష రాస్తే అర్హులైన వికలాంగులకు గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు. అది ముందే నోటిఫికేషన్లో ఉంటుంది, దయతలచి ఇచ్చేది కాదు. ప్రైవేటు కంపెనీ టెస్టుకు ముందు అలాంటి లైను నాకైతే ఇంతవరకు కనబడలేదు.

బెంగళూరులో దీనిమీద పనిచేసే సంస్థలకు కొదవలేదు. 1959 నుంచి ఉన్న ఏపీడీ (అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిజెబిలిటీ), 1997లో మొదలైన సమర్థనం, 1999లో వచ్చిన ఎనేబుల్ ఇండియా, వీళ్ల చలవతో ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు నాకే తెలుసు. కంపెనీలు ప్రత్యేకంగా డ్రైవ్‌లు కూడా పెడతాయి. అక్కడ అన్నీ అమరుతాయి, ప్యానెల్‌కు ముందే చెబుతారు. ఆ మాటే అన్నాను మా పిల్లాడితో. "పోయినాను అన్నా. ఆడ డేటా ఎంట్రీ, యాక్సెసిబిలిటీ టెస్టింగ్ ఇస్తామన్నారు. నేను బ్యాకెండ్ రాస్తాండా కదా" అన్నాడు. ఇంటికి ముందు గుమ్మం ఉండగా పెరటి గుమ్మంలోంచి రమ్మంటే ఎలా ఉంటుందో అలా ఉందట. దివ్యాంగులు అన్నా, మన ఆంధ్రాలో విభిన్న ప్రతిభావంతులు అన్నా వాడికి మంట. "పేరు పెద్దగా పెట్టినప్పుడల్లా గుమ్మం చిన్నదైతాదన్నా" అంటాడు. ఇక ఎవరితో మాట్లాడినా శ్రీకాంత్ బొల్లా గురించి చెబుతారట. చూపు లేకపోయినా ఇంటర్‌లో సైన్సు చదవడానికే కోర్టుకు వెళ్లి గెలిచి, అమెరికాలో ఎంఐటీ దాకా వెళ్లినాయన. గొప్పవాడే. కానీ ఉద్యోగం కోసం అప్లై చేసిన ప్రతివాడూ కోర్టుకెళ్లి గెలిచేంత మొనగాడై ఉండాలా?

మరి దొంగలు?

నా ప్రతిపాదన ఇంత. ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు, మనమే ముందు చెప్పాలి. ఇంటర్వ్యూ ఎంతసేపు, ఎందరుంటారు, ఏ ఎడిటర్, బొమ్మలుంటాయా, ఇవన్నీ మెయిల్లో రాయాలి. కింద మార్గాలు ఇవ్వాలి. సొంత ఎడిటర్లో రాయొచ్చు, మాట్లాడే బదులు టైప్ చేయొచ్చు, కెమెరా ఆపుకోవచ్చు, పక్కన దుబాసీ ఉండొచ్చు, పావుగంట ఎక్కువ తీసుకోవచ్చు. ఎవరికైనా సరే. కారణం చెప్పక్కర్లేదు, కాగితం చూపక్కర్లేదు.

మా టీమ్‌లో ఇది పెడదామంటే పెద్ద గొడవే అయింది. "దొంగలకు తాళాలిస్తున్నావు" అన్నాడు మా సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు. అందరూ ఎక్కువ టైమే అడుగుతారంది హెచ్ఆర్. మా ఒక్క టీమ్‌లో చూద్దామని ఒప్పించాను. చాలామంది దేనికీ టిక్ పెట్టలేదు. కొందరు సొంత ఎడిటర్ చాలన్నారు. ఒకావిడ కెమెరా వద్దంది, మేం అడగలేదు, చివర్లో తనే చెప్పింది, ఒళ్లో పాలు తాగే బిడ్డ ఉందని. ఆర్కిటెక్టు భయపడ్డట్టే ఒకడు కెమెరా ఆపి పక్కన ఎవరితోనో గుసగుసలాడాడు. వాడు రాసిన కోడ్‌లో ఒక లైను చూపించి, "ఇది తీసేస్తే ఏమవుతుంది? మరి ఎందుకు పెట్టావు?" అని రెండు ప్రశ్నలు వేస్తే తేలిపోయింది. తేలడానికి నలభై నిమిషాలు పట్టింది, ఆ నలభై నిమిషాలూ దండగేనని ఆర్కిటెక్టు ఇప్పటికీ దెప్పుతాడు. దెప్పనీ. కళ్లెటు తిరుగుతున్నాయో చూసిన రోజుల్లో మాకు దొరకని దొంగల లెక్క ఎవరి దగ్గరుంది?

కానీ ఇదంతా చిన్న టీమ్‌లో, మనిషి ఎదురుగా కూర్చునే రౌండులో కుదిరింది. వేలమంది ఫ్రెషర్లు ఒకేరోజు రాసే మొదటి టెస్టుకు ఇది పనికిరాదు. అక్కడ ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి "ఈ లైను ఎందుకు" అని అడిగే ఓపికా మనుషులూ ఏ కంపెనీకీ లేరు. మా పిల్లాడు ఆగిపోయింది సరిగ్గా అక్కడే. కనీసం స్క్రీన్ రీడర్‌ను స్క్రీన్ రీడర్‌గా గుర్తుపట్టడం, హెచ్చరిక వస్తే అది వినిపించేలా రాయడం, యంత్రం తప్పుపడితే ఆపేసే ముందు ఒక మనిషి చూడడం, ఈ మూడూ రాకెట్ సైన్సు కాదు. నేనూ సాఫ్ట్‌వేర్ చేసేవాడినే, రెండో దానికి పట్టేది ఒక పూట పని. ఖర్చు మాట కూడా పూర్తిగా కొట్టిపారేయను. ఎన్‌వీడీఏ, క్యాప్షన్లు ఉచితం గానీ సైగల భాష దుబాసీ ఉచితం కాదు, డబ్బు పెడతామన్నా అడిగిన రోజుకు దొరకడు. పదిమంది ఉన్న స్టార్టప్‌ను దీనికి తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. క్యాంపస్‌లో సొంత ఫుడ్‌కోర్టు, క్రికెట్ నెట్స్ ఉన్న కంపెనీకి ఆ రాయితీ ఇవ్వను.

జాగ్రత్తల ఫైల్లో నేను రాసిన "అసహజమైన ఆలస్యం" అనే లైను కొట్టేశాను. ఎవరూ గమనించలేదు.

నిన్న రాత్రి మా పిల్లాడు ఫోన్ చేశాడు. ఇంకో కంపెనీ నుంచి లింకు వచ్చిందట. ఫారం కింద అదే గడి, ప్రత్యేక ఏర్పాట్లు కావాలా, అవును, కాదు. "ఏం పెట్టమంటావన్నా? అవునంటే కాల్ రాదేమో. కాదంటే మళ్లీ రెండో గొంతు అంటారేమో" అన్నాడు. ఇంత పోస్టు రాస్తున్నవాడిని, ఠక్కున అవునని పెట్టమనాలి. నోరు రాలేదు. ఆలోచించి పది నిమిషాల్లో చేస్తానని చెప్పి పెట్టేశాను. పది నిమిషాలు నిన్ననే అయిపోయాయి. ఫారం గడువు ఇవాళ సాయంత్రం ఆరింటి వరకు.